పుస్తకం అంచు చూసి రాసిన నివేదిక

ఉద్యోగ విరమణకు పది నెలల ముందు, జూన్ రెండో వారంలో, నన్ను పుస్తకాల పరిశీలన సంఘంలో సభ్యురాలిగా వేస్తూ ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను భూపాలపల్లిలో గ్రంథపాలకురాలిని. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ఉన్నత పాఠశాలల్లో పెట్టే పుస్తకాల బీరువాలకు పదమూడు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు చదవదగిన నవలలు ఎంపిక చేయడం ఆ సంఘం పని. జిల్లాకు ఒకరి చొప్పున ముగ్గురం. జనగామ నుంచి రామచంద్రం సారు. ఆయన మాలో సీనియరు, కన్వీనరు కూడా. మహబూబాబాద్ నుంచి జయమ్మ. మా పైన చైర్మన్. ఏ శాఖ, ఏ సంస్థ అన్నది ఇక్కడ రాయను. తప్పు నాది, దాన్ని తీసుకెళ్ళి ఒక బోర్డుకు తగిలించడం నాకు ఇష్టం లేదు.

పని పద్ధతి కొంచెం చెప్పాలి. ప్రచురణకర్త ప్రతి పుస్తకానికీ ఐదు కాపీలు పంపాలి. ఒకటి రికార్డుకు, ఒకటి పరిశీలకులకు, మూడు పిల్లల చేత చదివించి చూడడానికి. వీటిని నమూనా ప్రతులు అంటాం. వీటికి గ్రంథాలయం రిజిస్టరులో నంబరు పడదు కాబట్టి ఊరు దాటించకూడదు. సభ్యులు తమ వంతు పుస్తకాలు చదివి, పుస్తకానికి ఒక ఫారం నింపాలి. అచ్చు ఎట్లా ఉంది, కుట్టు గట్టిదేనా, భాష, విషయం, వయసుకు తగినదా, అభ్యంతరాలేమైనా ఉన్నాయా, సిఫారసు చేస్తున్నారా లేదా. ఫారం అడుగున ఒక వాక్యం అచ్చేసి ఉంటుంది: ‘ఈ పుస్తకాన్ని ఆసాంతం చదివి ఈ నివేదిక ఇస్తున్నాను.’ దాని కింద సంతకం. నా వంతుకు పద్దెనిమిది నవలలు వచ్చాయి. గడువు ఆరు వారాలు. రోజూ తాళం తీసింది మొదలు వేసేదాకా పత్రికల ఫైళ్ళు, పోటీ పరీక్షల పిల్లలు, పంకా తిరగడం లేదనే ఫిర్యాదులు. ఇవన్నీ చూసుకుంటూ పద్దెనిమిది నవలలు ఆసాంతం చదవడం ఎవరి వల్లా కాదు. ఆ సంగతి ఉత్తర్వు రాసిన వాళ్ళకూ తెలుసు.

అందుకే మాలో ఒక వాడుక ఉండేది. ముందు ముప్పై పేజీలు, వెనుక పది పేజీలు. ‘ముప్పై–పది’ అనేవాళ్ళం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు దీన్ని నేర్పింది రామచంద్రం సారే. అన్నం ఉడికిందో లేదో చూడడానికి కుండంతా తినాలా అనేవారు. నాకూ అది సబబుగానే తోచింది. దానికి తోడు నా సొంత పరీక్ష ఒకటి ఉండేది. దాని మీద నాకు గర్వం కూడా ఉండేది. భూపాలపల్లిలో బొగ్గు పొడి ఎక్కడైనా పడుతుంది. ఉతికి ఆరేసిన బట్టల మీద, కిటికీ రెక్కల మీద, పిల్లల వేళ్ళ మీద. పుస్తకం తిరిగి వచ్చాక మూసి, పేజీల అంచు చూస్తే ఎక్కడిదాకా చదివారో తెలిసిపోతుంది. చదివిన మేరకు అంచు నల్లబడుతుంది, చదవనిది తెల్లగా ఉంటుంది. పిల్లలను నోటితో అడిగితే మేడం ముఖం చూసి బాగుందంటారు. అంచు అబద్ధమాడదు అని నేను ట్రైనింగుకు వచ్చిన కొత్తవాళ్ళకు చెప్పేదాన్ని. కొందరు రాసుకునేవాళ్ళు కూడా.

నా పద్దెనిమిదిలో ఒక నవల సినిమా నటుడిది. పేరు ‘మూడో నంబరు షెడ్డు.’ ఆ నటుడి పేరు చెప్పను. మానుకోట, అంటే మహబూబాబాద్, వైపు మనిషి. తండ్రి కేసముద్రం మార్కెట్ యార్డులో హమాలీ అని అట్ట వెనుక రాసి ఉంది. నలభై ఏళ్ళుగా సినిమాల్లో డ్రైవరు, వాచ్‌మన్, దొంగ, కల్లు తాగి పడిపోయేవాడు. ఏ వేషమైనా ఆయన పని ఒక్కటే. మన తెలంగాణ మాట మాట్లాడడం, హాలు నవ్వడం. నేను కాలేజీలో చదివిన రోజుల్లో కోస్తా నుంచి వచ్చిన లెక్చరర్ ఒకాయన నేను పాఠం చదువుతుంటే ఆ నటుడి డైలాగు అందుకునేవాడు. క్లాసంతా నవ్వేది. కాబట్టి ఆయన పుస్తకం నా బల్ల మీదకు వచ్చినప్పుడు నాకు ఒళ్ళు మండింది. మన మాటను నవ్వులపాలు చేసి ఇల్లు కట్టుకున్న మనిషి ఇప్పుడు మన పిల్లలకు నవల రాస్తాడా అనుకున్నాను.

పేరున్నవాళ్ళు పిల్లలకు రాసిన పుస్తకాలు అంతకుముందు నా చేతికి చాలా వచ్చాయి. టీవీ యాంకర్లవి, ఆటగాళ్ళవి, పాటగాళ్ళవి. అన్నీ ఒకే తీరు. హీరో పదేళ్ళప్పుడే గొప్పవాడు. ఊరు ఆయన్ని గుర్తించదు, చివరికి గుర్తిస్తుంది. అధ్యాయానికి ఒక నీతి. రాసింది వాళ్ళు కాదని మొదటి పేజీలోనే తెలుస్తుంది. పదిహేనేళ్ళ పిల్లకు కోపం ఎట్లా వస్తుందో, సిగ్గు ఎట్లా వేస్తుందో వాటిలో ఉండదు. పిల్లలు ఫొటో చూసి తీసుకుపోతారు, నాలుగు రోజులకు తెచ్చి పడేస్తారు. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు, అంచుల సాక్ష్యం కూడా ఉంది అనుకునేదాన్ని.

‘మూడో నంబరు షెడ్డు’ ముందు ముప్పై పేజీలు చదివాను. సరిగ్గా నేననుకున్నట్టే ఉంది. కథలో అబ్బాయి పుట్టగానే అందరినీ నవ్వించాడట. ఆ పేజీల మధ్యమధ్యలో నటుడి ఫొటోలు ఎనిమిది. వెనుక పది పేజీలు కష్టపడితే ఏదైనా సాధించవచ్చన్న ఉపన్యాసం. మూడు నమూనా ప్రతులను ముగ్గురు పిల్లలకు ఇచ్చాను. అందరూ బొగ్గు బావుల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు, క్వార్టర్ల నుంచి వచ్చేవాళ్ళు. ఇచ్చేటప్పుడు నా నోరు ఊరుకోలేదు. “ఇది పెద్ద సినిమాయన రాసిన బుక్కు. మరక పడ్డదా, మీ సంగతి చెప్త” అన్నాను. వెక్కిరింపుగా అన్న మాట అది.

ఈలోగా చైర్మన్ గారు ఫోన్ చేశారు. భూములున్న కుటుంబం, రెండు పార్టీల్లోనూ చుట్టాలున్న మనిషి. “మేడం, గా సినిమాయన బుక్కు మీ దగ్గర్నే ఉన్నదట గదా. బీరువాలు ఓపెన్ చేసే దినం ఆయిన్నే పిలుద్దామనుకుంటున్నం. జర మంచిగ రాయండ్రి” అన్నారు. చూస్తాను సార్ అన్నాను. ఫోన్ పెట్టేశాక నాకు పట్టుదల ఇంకా పెరిగింది.

నాలుగు వారాలకు మూడు ప్రతులూ తిరిగి వచ్చాయి. మూడింటి అంచులూ చూశాను. మొదట్లో ముప్పై పేజీల మేర సన్నగా మసి. ఆ తర్వాత చివరిదాకా తెలుపు. నాకు లోపల సంతోషం వేసింది, దాచుకోను. ఫారం తీసి ఇట్లా రాశాను: రచయిత పేరు తప్ప ఈ నవలలో పిల్లలను పట్టి ఉంచేదేమీ లేదు. నమూనా పాఠకులు ముగ్గురూ ముప్పై పేజీలు దాటలేదు. సిఫారసు చేయడం లేదు. అచ్చేసిన వాక్యం కింద సంతకం పెట్టి, మిగతా పదిహేడుతో కలిపి రిజిస్టర్డ్ పోస్టులో జనగామకు పంపాను. చైర్మన్ ఫోన్ చేసినా లొంగలేదన్న మాట అప్పటికే జయమ్మకు చేరింది. ఆమె నాకు ఫోన్ చేసి, “నీ ధైర్యం ఎవరికి రాదు సులోచనా” అంది. రెండు రోజులు ఆ మాట తలుచుకుని మురిసిపోయాను.

జనగామలో తుది సమావేశం సోమవారం పెట్టారు. దానికి ముందు మంగళవారం స్రవంతి వచ్చింది. నవల తీసుకుపోయిన ముగ్గురిలో ఒకమ్మాయి. పదో తరగతి పాసై, ఇంటర్ చదవడానికి హైదరాబాదు హాస్టల్లో చేరబోతోంది. బల్ల దగ్గర నిలబడి, “మేడం, మూడో నంబరు షెడ్డు మళ్ల ఇస్తరా? నాతోని తీస్కపోత” అంది.

నమూనా ప్రతి ఊరు దాటకూడదని చెప్పాను. అయినా సగం కూడా చదవని పుస్తకం నీకెందుకమ్మా అని అడిగాను.

“సదువకపోవుడేంది మేడం? రొండుసార్లు సదివిన.”

నాకు నవ్వొచ్చింది. బీరువాలోంచి ఆమె తీసుకుపోయిన ప్రతి తీసి, అంచు చూపించి, ఇది చూశాక కూడా అట్లాగే అంటావా అన్నాను. ఆ పిల్ల అంచును చూసింది, నన్ను చూసింది. నేనేం అడుగుతున్నానో మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నెమ్మదిగా చెప్పింది. “ముంగట ఫొటోలున్నయి గదా మేడం. బుక్కు తెచ్చిన దినం మా క్వార్టర్ల లైను పోరలందరు మీద వడ్డరు. గా మసి వాళ్లది. మరక వడితె తిడ్తనన్నరు గదా మీరు. మా అమ్మ క్యాలెండర్ కాయితం అట్టేసింది. నేను సబ్బుతోని చేతులు కడుక్కోని, దస్తీతోని పేజీలు తిప్పిన. శిరీష, రాజేశు గూడ గట్లనే సదివిండ్రు.”

ప్రతిని బల్ల మీద పెట్టాను. ఆ పుస్తకంలో నీకు నచ్చిందేమిటి అని అడిగాను. అడగవలసిన ప్రశ్న అది, అడగవలసిన రోజు ఆమె పుస్తకం తిరిగి తెచ్చిన రోజు.

పదకొండో అధ్యాయం అంది. నవలలో అబ్బాయి పట్నం హాస్టలుకు పోతాడు. మొదటి రోజు భోజనాల దగ్గర నోరు విప్పగానే అందరూ నవ్వుతారు. మరునాటి నుంచి మాట్లాడడం మానేస్తాడు. నలభై రోజులు మాట్లాడడు. వార్డెను మూగపిల్లవాడనుకుని దవాఖానకు తీసుకుపోతాడు. చెప్పి చెప్పి స్రవంతి ఆగింది. “నాకు గూడ గట్లనే అయితదని బుగులైతుంది మేడం. మా అక్క పోయి నెల దినాలకే వాపసొచ్చింది. గా పోరడు ఉన్నడు. ఎట్లున్నడో అండ్ల రాసిండు” అంది.

పుస్తకం ఇవ్వడానికి వీల్లేదు గానీ, పఠన మందిరంలో కూర్చుని నకలు రాసుకోవడానికి నిబంధన ఒప్పుకుంటుంది. ఆ సంగతి చెప్పాను. మరుసటి రోజు, ఆ తర్వాతి రోజు ఆమె నోటుబుక్కు తెచ్చుకుని, పంకా కింద కూర్చుని పదకొండో అధ్యాయం రాసుకుంది. పద్నాలుగు పేజీలు. కొన్ని మాటల దగ్గర పెన్ను ఆపి, మళ్ళీ చదివి, అప్పుడు రాసేది. నేను ఆసాంతం చదివానని సంతకం పెట్టిన పుస్తకాన్ని ఒక పిల్ల నా ఎదురుగా కూర్చుని అక్షరం అక్షరం ఎత్తి రాసుకుంటోంది. ఆ రెండు రోజులు నా బల్ల దగ్గర నేను చేసిన పని ఏమిటో నాకు గుర్తు లేదు. పత్రికల మీద తేదీ ముద్ర తప్పు వేశానని మాత్రం అటెండరు చెప్పాడు.

శుక్రవారం గ్రంథాలయానికి సెలవు. నా వంతు ప్రతిని ఇంటికి తెచ్చుకుని పొద్దున్నే మొదలుపెట్టాను. ముప్పై పేజీలు దాటగానే వేరే మనిషి చేతి రాత చదువుతున్నట్టు అనిపించింది. మార్కెట్ యార్డు, అందులో మూడో నంబరు షెడ్డు వచ్చాయి. పత్తి బస్తాల మీద నిద్రపోయి లేస్తే జుట్టంతా దూది. తోటి పిల్లలు ముసలోడా అని పిలవడం. కాంటా దగ్గర తండ్రి ఒక పెద్దమనిషి చేత తిట్లు తిని, కొడుకు చూశాడేమోనని వెనక్కి తిరిగి చూడడం, కొడుకు చూడనట్టు నటించడం. ఆ తర్వాత హాస్టలు. నలభై రోజుల మౌనం. నలభై ఒకటో రోజున ఆ అబ్బాయి ఒక సంగతి కనిపెడతాడు. వాళ్ళు ఎట్లాగూ నవ్వుతారు. తానే తన మాటను ఇంకా పెద్దగా, ఇంకా వంకరగా పలికితే, నవ్వి పక్కన కూర్చోబెట్టుకుని కూర వడ్డిస్తారు. ఆ రాత్రి కడుపునిండా తిన్నాడట. తినేటప్పుడు తండ్రి కాంటా దగ్గర వెనక్కి తిరిగి చూసిన చూపు గుర్తొచ్చిందట. అంతే రాశాడు. దానికి వ్యాఖ్యానం లేదు, నీతి లేదు.

నేను పుస్తకం మూశాను. నలభై ఏళ్ళుగా నేను ఆయన మీద మోపిన నేరాన్ని ఆయన నాకంటే ముందే ఒప్పుకున్నాడు. నాకు ఏడుపు వచ్చింది. సిగ్గు కూడా వేసింది. ఆయన కథలో అబ్బాయికి పేరు రావడం మొదలయ్యేసరికి నవల మళ్ళీ పాడైంది. అదీ చెప్పాలి. సినిమా అవకాశం వచ్చిన పేజీ నుంచి మళ్ళీ ఫొటో కోసం నిలబడ్డట్టే ఉంది. పేరున్న మనిషి పిల్లలకు మంచి నవల రాయగలడా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే నా సమాధానం ఇది: తనను ఎవరూ ఎరగని రోజుల గురించైతే రాయగలడు, ఆ రోజులను ఇంకా మరిచిపోకపోతే.

నవల మంచిదని తేలింది. నా సంగతి తేలలేదు. నివేదిక జనగామ ఫైల్లో ఉంది. సోమవారం దాన్ని చదువుతారు, నవలను కొట్టేస్తారు, మూడు జిల్లాల బీరువాల్లోకి అది పోదు. మార్చాలంటే, చదవకుండా చదివానని సంతకం పెట్టానని ఒప్పుకోవాలి. పది నెలల్లో రిటైర్మెంటు. ఛార్జి మెమో పడితే విచారణ తేలేదాకా పెన్షన్ కాగితాలు కదలవు. అట్లా మూడేళ్ళు తిరిగిన వాళ్ళను నేను చూశాను. దానికంటే కూడా నన్ను తినేసింది ఇంకొకటి. నేను మాట మార్చగానే అందరూ అనుకునేది ఒక్కటే. చైర్మన్ ఫోన్ పనిచేసింది. సినిమాయన పేరు చూసి లొంగింది. నా ధైర్యం గురించి జయమ్మ అన్న మాట అప్పటికి వారం కూడా పాతది కాలేదు.

శనివారం రామచంద్రం సారుకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.  ఆయన విని, “ఎందుకు పరేషాన్ అయితవమ్మా? ఇంకో ఫారం రాసి పట్కరా. సిఫారసు చేస్తున్న అని రాయి. పాత తేదీనే వెయ్యి. పొద్దుగాల నేను ఫైల్ల మారుస్త. ఎవ్వరికి తెల్వది” అన్నారు. మనసులో మాటే అన్నారాయన, నా మీద ఆపేక్షతో అన్నారు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆదివారం పొద్దున కొత్త ఫారం నింపాను కూడా. సంతకం దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగింది. పాత తేదీ నాటికి నేను ఈ పుస్తకం చదవలేదు. ఒక అబద్ధపు సంతకాన్ని ఇంకో అబద్ధపు సంతకంతో సరిచేస్తున్నాను. ఆ ఫారం చింపేసి, తెల్లకాగితం తీసుకుని మూడు వాక్యాల విన్నపం రాశాను. ఫలానా నవల మీద నా నివేదిక ఆసాంతం చదవకుండా ఇచ్చినది. దాన్ని రద్దు చేయగలరు. మిగతా పదిహేడు నివేదికలు కూడా అదే పద్ధతిలో ఇచ్చినవి. మూడో వాక్యం రాయకుండా ఉండాలని గంటసేపు ప్రయత్నించాను. కుదరలేదు.

సోమవారం పొద్దున హనుమకొండలో బస్సు మారి జనగామ చేరాను. దారిలో రెండు సార్లు సంచిలో కాగితం ఉందో లేదో చూసుకున్నాను. ఎక్కడైనా పడిపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

సమావేశంలో చైర్మన్ గారు, మేము ముగ్గురం. విన్నపం నేనే చదివాను. చైర్మన్ గారు మొదటి వాక్యం వినగానే కుర్చీలో వెనక్కి వాలి, “మంచిది మేడం. నేను చెప్పిన గదా జర చూడుమని” అన్నారు. నేను భయపడిన మాట అది. సరిగ్గా వచ్చింది. మీరు చెప్పినందుకు కాదు సార్, ఒక ఆడపిల్ల అందులో ఒక అధ్యాయం చేతితో ఎత్తి రాసుకుంది, అది చూసి చదివాను అన్నాను. ఆయన నవ్వి తలూపారు, నమ్మలేదు. మూడో వాక్యానికి జయమ్మ ముఖం మారిపోయింది. పద్దెనిమిదీ చదవలేదని నేను ఒప్పుకుంటే, ఆమె తన వంతుకు వచ్చిన పందొమ్మిదీ ఆసాంతం చదివిందా అన్న ప్రశ్న ఎవరో ఒకరు అడగక తప్పదు. “నీకేమాయెనే? పొయ్యేదానివి పోక మమ్ముల గుంజుతున్నవ్” అంది. రామచంద్రం సారు నా వైపు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నారు.

చైర్మన్ గారికి నవల కావాలి గానీ ఈ గొడవ అక్కర్లేదు. ఆ ఒక్క వాక్యం తీసేసి విన్నపం మళ్ళీ ఇమ్మన్నారు. ఇవ్వలేనన్నాను. అప్పటికి నాలో ధైర్యమేమీ మిగల్లేదు. మళ్ళీ ఒక కాగితం రాసే ఓపిక లేక అట్లా అన్నాను. చివరికి పద్ధతి ప్రకారమే జరిగింది. నా పద్దెనిమిది పుస్తకాలనూ ఆ ఏటి జాబితా నుంచి పక్కన పెట్టారు. ‘మూడో నంబరు షెడ్డు’ కూడా వాటితోనే పోయింది. దాన్ని కాపాడడానికి చేసిన పని వల్లే అది ఆగిపోయింది. ఇంకా పదిహేడు మంది రచయితల పుస్తకాలు నా మూలంగా ఒక ఏడాది వెనకబడ్డాయి. నాకు మెమో వచ్చింది. సంజాయిషీ ఇచ్చాను. సర్వీసు రిజిస్టరులో మందలింపు అని ఒక పంక్తి ఎక్కింది. పెన్షన్ ఆగలేదు గానీ, ఆగుతుందేమోనని నాలుగు నెలలు పోస్ట్‌మన్‌ను చూస్తేనే భయపడ్డాను. జయమ్మ నాతో మాట్లాడడం మానేసింది.

నేను జనగామలో ఉన్న రోజునే స్రవంతి హైదరాబాదు బస్సెక్కింది. నకలు రాసుకున్న నోటుబుక్కు తీసుకుపోయిందని వాళ్ళ అమ్మ చెప్పింది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. గొంతు వినగానే పోల్చాను. తెలుగు సినిమా చూసినవాళ్ళెవరైనా పోలుస్తారు. చైర్మన్ నంబరు ఇచ్చాడట. తిడతాడనుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. పుస్తకం జాబితాలోకి వస్తుందా అని కూడా అడగలేదు. ఒక ఆడపిల్ల ఏదో అధ్యాయం చేతితో రాసుకుపోయిందట కదా, ఏ అధ్యాయం అని అడిగాడు. పదకొండు అన్నాను.  

ఆయన అన్నాడు. “గది నేను రాసిందే మేడం. షూటింగుల కాడ కూసోని రాసిన, నాలుగేండ్లు పట్టింది. ముంగటి ముప్పై పేజీలు, ఎన్క పది పేజీలు నాయి కావు.”

ఎవరివని అడిగాను.

“అచ్చేసెటోల్లు వేరేటాయినతోని రాయించిండ్రు. నేనద్దన్న. ఇనలే. స్కూల్లకు పోవాల్నంటె కమిటీ ఉంటది సార్, కమిటీల సదివేది ముంగట ముప్పై, ఎన్క పదే, గక్కడ మీ గొప్పతనం ఉండాలె, ఆఖరుకు నీతి ఉండాలె అన్నరు. నేను గూడ సరే అన్న. నాకేం ఎర్క మేడం, మీరు ఎట్ల సదువుతరో?”

 ఏదో మర్యాద మాట చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ నవల మరుసటి ఏడు జాబితాలో చేరింది. అప్పటికి నేను రిటైరయ్యాను. పరిశీలన పనికి వచ్చే కొత్తవాళ్ళు ఎవరైనా అడిగితే చెప్పేది ఒక్కటే. చదవగలిగినన్ని పుస్తకాలే తీసుకోండి, మిగతావి చదవలేదని రాసి తిప్పి పంపండి. మందలింపు రాదు, వచ్చినా చిన్నది. ఈ సంగతి నాకు ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఆఖరి ఏడాది తెలిసింది. ఆ పుస్తకంలో చెత్త అనదగిన పేజీల్లో నలభై నాలాంటి వాళ్ళు చదువుతారని రాయించినవి. నేను ఆ నలభై పేజీలే చదివి, పుస్తకం చెత్తదని రాసి, ఆసాంతం చదివానని సంతకం పెట్టాను.